మెత్తటి పంజరం

చచ్చిపోయిన మనిషి కారు చూద్దామని వెళ్తే, కారు మాత్రం నిక్షేపంలా ఉంది.

పోలీస్ స్టేషన్ వెనకాల రేకుల షెడ్డులో దాన్ని నిలబెట్టారు. లైట్లు పగల్లేదు, అద్దాలు చిట్లలేదు, బానెట్ మీద దుమ్ము తప్ప గీత కూడా లేదు. డ్రైవరు కూర్చునే కుడివైపు డోరు మీద మాత్రం పళ్ళెమంత సొట్ట పడింది. మామూలుగా అయితే ఆ సొట్ట చూసుకుని ఎవరైనా నాలుగు తిట్లు తిట్టి, ఒక టీ తాగి, ఇంటికి పోతారు. పళ్ళ డాక్టరుగారు మాత్రం ఇంటికి వెళ్ళలేదు. మధ్యాహ్నం క్లినిక్ మూసి భోజనానికి బయల్దేరారు. వీధి మలుపులో ఏదో బండి పక్కనుంచి వచ్చి తగిలింది, ఆగకుండా వెళ్ళిపోయింది. జనం వచ్చి చూసేసరికి సీట్లో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయాడు. బెల్టు పెట్టుకునే ఉన్నాడు. ఇంజను ఇంకా తిరుగుతూనే ఉందట. కుడి చెవి పైన కమిలిన మచ్చ తప్ప ఒంటి మీద దెబ్బ లేదు.

సిస్టరమ్మ డోరు తీసి లోపలికి తొంగిచూసింది. ఇరవై ఏళ్ళు పెద్దాసుపత్రి ఎమర్జెన్సీ వార్డులో హెడ్ నర్సుగా చేసిన మనిషి. రిటైరయ్యాక ఇంట్లో కూర్చుని జపం చేసుకోక, ప్రైవేటు డిటెక్టివ్ అని బోర్డు పెట్టుకుంది. చావుని పక్కింటి మనిషిలా ఎరిగిన ఆమెకి కూడా, ఆ డోరు తీసేసరికి ఒళ్ళు జలదరించింది.

చూడ్డానికి అది ఇంటిల్లిపాదీ షికారుకి వెళ్ళే మామూలు కారు. లోపల మాత్రం మణికట్టంత లావు ఇనప గొట్టాలు నేలలోంచి లేచి, కిటికీల పక్కగా పైకెక్కి, కప్పు కింద వంగి, అవతలివైపు మళ్ళీ నేలలోకి దిగాయి. రేసు కార్లకి వేసే పంజరం అది. రోల్ కేజ్ అంటారు. కారు పల్టీలు కొట్టినా కప్పు నలిగి మనిషి మీద పడకుండా కాస్తుంది. ఆ గొట్టాలన్నిటికీ ఫోమ్ చుట్టి పైన నల్లగుడ్డ కుట్టడంతో పట్టపగలు కూడా కారు లోపల మసక చీకటిగా ఉంది. సీటు మీద మనిషి కూర్చున్న గుంట ఇంకా పూడలేదు.

"ఏం సిస్టరమ్మా, బండికి బీపీ చూస్తున్నారా?" అన్నాడు వెనకనుంచి ఇన్‌స్పెక్టర్.

"బండికి బాగానే ఉంది. మీకే చూడాలి. మొహం అలా ఉబ్బిందేంటి?"

ఇన్‌స్పెక్టర్ మొహం చిట్లించాడు. ఈ ఆడమనిషి తన కేసుల్లో వేలు పెట్టడం ఇది మూడోసారి. మొదటి రెండుసార్లూ ఆమె మాటే నెగ్గింది. ఆ మంట ఇంకా కడుపులో ఆరలేదు.

"ఇందులో వెతకడానికేం లేదండీ. తగిలిన బండి చిన్నగానే తగిలింది. మనిషి పోయింది ఈ పంజరం వల్ల. డ్రైవరు చెవి పక్కనే గొట్టం పెట్టాడు ఆ వెల్డింగ్ మేస్త్రీ. పక్కనుంచి దెబ్బ తగిలితే తల వెళ్ళి దానికే కొట్టుకుంటుంది. బెల్టు ముందుకి పడకుండా ఆపుతుంది గానీ పక్కకి ఒరగకుండా ఆపదు. రేసుల్లో వాళ్ళకైతే హెల్మెట్ ఉంటుంది. క్లినిక్‌కి వెళ్ళే డాక్టరు హెల్మెట్ పెట్టుకుంటాడా? మేస్త్రీని లోపలేశాను. ఇవాళే కోర్టులో పెడతాను."

"ఫోమ్ చుట్టారుగా?"

"చుట్టాడు లెండి. దానికేం లోటు చేయలేదు." ఇన్‌స్పెక్టర్ చెయ్యి లోపలికి పెట్టి, చెవి ఎత్తులో ఉన్న గొట్టాన్ని బొటనవేలితో నొక్కి చూపించాడు. "చూడండి, దూది దిండులా ఉంది. అయినా ఇనుము ఇనుమే."

సిస్టరమ్మ ఆ వేలినే చూస్తూ నిలబడింది.

"ఇప్పుడు పిడికిలితో గుద్దండి."

"ఎందుకూ?"

"దూది దిండేగా. భయమా?"

షెడ్డు బయట కానిస్టేబుళ్ళు చూస్తున్నారు. పౌరుషానికి పోయిన ఇన్‌స్పెక్టర్ పిడికిలి బిగించి ఒక్కటిచ్చాడు. ఠంగుమని మోగింది గొట్టం. "అబ్బా!" అని చెయ్యి విదిలించుకుంటూ నాలుగడుగులు వెనక్కి వేశాడు. కానిస్టేబుల్ ఒకడు గోడవైపు తిరిగి తెగ దగ్గాడు.

"మీ బొటనవేలు మెల్లగా వెళ్ళింది. స్పాంజి మర్యాదగా లోపలికి నొక్కుకుంది. పిడికిలి వేగంగా వెళ్ళింది, స్పాంజి అక్కడ ఉన్నా లేనట్టే అయింది. డాక్టరుగారి తల కూడా అలాగే వెళ్ళింది," అంది సిస్టరమ్మ. "ఇది ఏసీ పైపులకి చుట్టే స్పాంజి. పంజరానికి వేసే అసలు ఫోమ్ వేరే ఉంటుంది. రేసులు జరిగే చోట అంబులెన్సు డ్యూటీ చేశాను, నాకు తెలుసు. వేలితో నొక్కితే చెక్కలా ఉంటుంది. దెబ్బ తగిలితే మాత్రం ఆ దెబ్బని మింగేస్తుంది. డాక్టరుగారి ఇంట్లో ఇంకో కారుంది, వాళ్ళమ్మాయిది. అదే మేస్త్రీ, అదే నల్లగుడ్డ. పొద్దున్న వెళ్ళి నొక్కి చూశాను. చెక్కలా ఉంది."

ఇన్‌స్పెక్టర్ వేళ్ళు నోటి దగ్గర పెట్టుకుని ఊదుకుంటూనే నవ్వాడు.

"ఇంకేం మరి! ఒక కారుకి మంచిది వేసి, రెండోదానికి నాసిరకం చుట్టేశాడన్నమాట. నా కేసుకి ఇంకో మేకు కొట్టారు. చాలా థాంక్స్ సిస్టరమ్మా."

సిస్టరమ్మకి ఒళ్ళు మండింది. ఆ మంటలో కూడా, వంగి డోరు మీది సొట్టని చూసింది. అవతలి బండి రంగు అంటుకోలేదు. గాజుముక్క, ప్లాస్టిక్ ముక్క దొరికినట్టు రిపోర్టులో లేదు. సొట్ట మధ్యలో అడ్డంగా నల్లటి మరక ఉంది. వేలితో రుద్దితే మట్టిలా రాలకుండా సాగింది. వాసన చూసింది. రబ్బరు.

"బంపరుకి రబ్బరు కట్టుకుని తిరిగే బండి ఏమిటబ్బా?" అని పైకే అనుకుంది.

"ఊళ్ళో సవాలక్ష ఉంటాయి. వెతుక్కోండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

* * *

మేస్త్రీ లాకప్‌లో మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని కూర్చున్నాడు. సిస్టరమ్మని చూడగానే లేచి ఊచలు పట్టుకున్నాడు.

"నేను చంపలేదమ్మా! నా పంజరం మీద ఏనుగు నిలబడినా వంగదు. రేసుల్లో పిల్లలు పల్టీలు కొట్టి, నవ్వుతూ బయటికొస్తారు. కావాలంటే అడగండి!"

"పంజరం సంగతి కాదు. స్పాంజి సంగతి చెప్పు. రెండు కార్లకీ రెండు రకాలు ఎందుకేశావు?"

మేస్త్రీ నీళ్ళు నమిలాడు. ఇన్‌స్పెక్టర్ పక్కనే చేతులు కట్టుకుని నిలబడి ఉండడంతో గొంతు తగ్గించాడు.

"మొదట రెండిటికీ గట్టిదే వేశానమ్మా. ఒట్టు. కానీ వచ్చినవాళ్ళందరూ బొటనవేలితో నొక్కుతారు. గట్టిగా తగిలితే, 'ఇదేంటయ్యా, తల పగిలిపోదూ' అంటారు. మెత్తగా ఉంటే ముచ్చటపడతారు. ఎంత చెప్పినా వినరు. అందుకని షోకిలా రాయుళ్ళకి మెత్తటిదే చుట్టేస్తాను. వాళ్ళు ఎలాగూ సినిమాకి తప్ప ఎక్కడికీ పోరు."

"డాక్టరుగారు షోకిలా రాయుడా?"

"ఆయన రాలేదమ్మా. వాళ్ళ బావమరిది వచ్చారు, డ్రైవింగ్ స్కూలు సారు. రెండు నెలలైంది. ఎక్కేటప్పుడు బావగారి తల తగుల్తోందట, మార్చమన్నారు."

"గట్టిదే మంచిదని చెప్పలేదా నువ్వు?"

"చెప్పేలోపలే ఆయనకి తెలిసిపోయింది." మేస్త్రీ గొంతు సన్నగిల్లింది. "రెండు రకాలూ చెరో ముక్క ఇమ్మన్నారు. ఖాళీ గొట్టానికి ఒకదాని పక్కన ఒకటి చుట్టారు. సుత్తి తీసుకుని ముందు గట్టిదాని మీద కొట్టారు. చప్పుడు రాలేదు. తర్వాత మెత్తదాని మీద కొట్టారు. ఠంగుమంది. చెవి దగ్గరగా పెట్టి, మళ్ళీ కొట్టారు. మళ్ళీ విన్నారు. పాట వింటున్నట్టు కళ్ళు మూసుకున్నారమ్మా. తర్వాత కళ్ళు తెరిచి, మెత్తదాని మీద చెయ్యి పెట్టి 'ఇది' అన్నారు. 'పాప కారు మాత్రం ముట్టుకోకు' అన్నారు."

సిస్టరమ్మ ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది.

"బావకి సుఖంగా ఉండాలని మెత్తటిది అడిగాడు. అది కూడా నేరమేనా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. కానీ ఆ మాటలో ఇందాకటి ఊపు లేదు. సిస్టరమ్మ అది గమనించింది.

"ఈయన్ని ఇవాళ కోర్టుకి తీసుకెళ్ళకండి. ఒక్కరోజు ఆగండి."

"నాకు మీరు ఆర్డర్లు వేస్తారా?"

"వేడుకుంటున్నాను. సరేనా? నా చేత ఆ మాట కూడా అనిపించారు. ఇంక ఆగండి."

బయట గేటు దగ్గర డాక్టరుగారి అమ్మాయి నిలబడి ఉంది. నాన్న కారున్న షెడ్డువైపు చూడకుండా వీపు తిప్పి నిలబడింది. ఇరవై ఒక్క ఏళ్ళ పిల్ల. నాలుగేళ్ళ కిందట, కారు బోల్తాపడి కప్పు నలిగిపోయి వాళ్ళమ్మ పోయింది. స్టీరింగ్ దగ్గరున్న డాక్టరుగారు, వెనక సీట్లో ఉన్న ఈ పిల్ల బతికి బయటపడ్డారు. ఆ తర్వాతే ఆమె మేనమామ పట్టుబట్టి ఇంట్లో రెండు కార్లకీ పంజరాలు వేయించాడు. ఇప్పుడు నాన్న కూడా పోయాడు. మొదటిరోజు సిస్టరమ్మ ఇంటికొచ్చి ఆ పిల్ల ఒక్కటే అడిగింది. "ఆ పంజరం నాన్నని కాపాడాలి కదండీ? మరి ఎందుకు కాపాడలేదు? అది తెలిస్తే చాలు. ఇంక నాకు ఎలాగూ మామయ్య ఒక్కడే మిగిలాడు."

సిస్టరమ్మకి ఇప్పుడు ఆ మాటే గుర్తొచ్చింది. జవాబు దొరికితే ఈ పిల్లకి ఆ ఒక్కడూ మిగలడు.

"ఏమైనా తెలిసిందా?"

"ఇంకా లేదమ్మా. నువ్వు ఇంటికి వెళ్ళు."

"ఇంటికి కాదండీ, మామయ్య దగ్గరికి వెళ్ళాలి. ఇందాకే నా కారు ఆయన స్కూలుకి పట్టుకెళ్ళాడు. ఇవాళ్టి నుంచి మళ్ళీ డ్రైవింగ్ నేర్పిస్తానన్నాడు. అమ్మ పోయాక నేను స్టీరింగ్ ముట్టుకోలేదు. ఎన్నాళ్ళిలా భయపడతావు పాపా, అని ఒకటే పోరు."

"ఇవాళ వద్దు. నేను చెప్పేదాకా అక్కడికి వెళ్ళకు."

"ఎందుకు?"

సిస్టరమ్మ జీవితంలో ఎంతోమందికి ఎన్నో చావు కబుర్లు చెప్పింది. ఈ పిల్లకి మాత్రం చెప్పలేకపోయింది. "ఊరికే" అంది. ఆ పిల్ల ఆమె కళ్ళలోకి కాస్త ఎక్కువసేపే చూసింది.

* * *

డ్రైవింగ్ స్కూలు ఆవరణలో మూడు బళ్ళు వరసగా నిలబెట్టి ఉన్నాయి. నేర్చుకునేవాళ్ళు గోడలకీ స్తంభాలకీ గుద్దుతుంటారని మూడిటికీ ముందు బంపరు మీద పాత టైరు కోసి నల్లటి రబ్బరు పట్టీ బిగించారు. రెండిటి రబ్బరు ఎండకి పగుళ్ళిచ్చి బూడిదరంగుకి తిరిగింది. మూడోదాని పట్టీ కొత్తది, నిగనిగలాడుతోంది. వాటికి కాస్త ఎడంగా అమ్మాయి కారు ఉంది. దాన్ని ఎవరో శుభ్రంగా కడిగి తుడిచారు.

మేనమామ లోపలి గదిలో ఉన్నాడు. పల్చటి మనిషి, చాలా మెల్లగా మాట్లాడతాడు. గదిలో ఒక కుర్చీ, దాని ముందు బల్లకి బిగించిన స్టీరింగ్, కింద చెక్కకి కొట్టిన మూడు పెడల్స్ ఉన్నాయి. కొత్తగా చేరినవాళ్ళు మొదటి వారమంతా ఆ కుర్చీలో కూర్చుని, కదలని బండిని నడుపుతారు. ఎదురుగా రోడ్డు లేదు, సున్నం వేసిన గోడ ఉంది.

"కూర్చోండి సిస్టరమ్మా. వేరే కుర్చీ లేదు."

ఆమె ఆ కుర్చీలోనే కూర్చుంది. అతను ఎడమపక్క స్టూలు మీద, ఇన్‌స్ట్రక్టర్ కూర్చునే చోట కూర్చున్నాడు.

"మీ బావగారి కారుకి ఫోమ్ మార్పించింది మీరేనా?"

"నేనే. తల తగుల్తోందని బావే గోల పెట్టాడు."

"మరి పాప కారుకి మార్పించలేదే?"

"పాప నడపదు కదండీ."

"రోజూ నడిపేవాళ్ళకి మెత్తటిది, అసలు నడపనివాళ్ళకి గట్టిదా?"

అతను చెయ్యి చాపి, ఆమె ముందున్న స్టీరింగ్‌ని కాస్త సరిచేశాడు. "చేతులు ఇలా పెట్టుకోవాలి," అన్నాడు.

సిస్టరమ్మ చేతులు ఒళ్ళోకి లాక్కుంది. "మొన్న మధ్యాహ్నం మీరెక్కడున్నారు?"

"ఇక్కడే. మధ్యాహ్నం క్లాసులుండవు. స్టూడెంట్లు, స్టాఫు అందరూ భోజనాలకి పోతారు."

"అంటే బళ్ళు మూడూ ఇక్కడ, మీరొక్కరే ఇక్కడ."

"అవును."

"మూడో బండికి కొత్త రబ్బరు ఎప్పుడేశారు?"

"పాడైనప్పుడు వేస్తాం."

"పాతది ఎక్కడ?"

"పాతవి ఎవరు దాస్తారండీ?" అని నవ్వాడు. మంచి నవ్వే. "మీరు పెద్దాసుపత్రిలో చేశారు కదా. నాలుగేళ్ళ కిందట మా అక్కని తీసుకొచ్చినరోజు డ్యూటీలో ఉన్నారా?"

"లేను."

"నేనున్నాను. అక్క మొహం చూస్తానంటే చూపించలేదు. చూడ్డానికి లేదన్నారు. నన్ను ఎత్తుకుని పెంచిన మనిషండీ. అమ్మకంటే అక్కే ఎక్కువ నాకు. ఆ పక్క బెంచీ మీద బావ కూర్చుని టీ తాగుతున్నాడు. చొక్కా నలగలేదు. 'నేనే నడిపాను, నాదే తప్పు' అన్నాడు. అంతే. ఒక్క ముక్క! అక్కని అలా చేసి, ఒక్క ముక్క చెప్పి, టీ తాగాడు."

"అందుకని పంజరం వేయించారా?"

"అప్పుడు నిజంగానే కాపాడాలని వేయించాను. పాప కోసం. బావ ఏడ్చాడు, నన్ను కావలించుకుని మరీ ఏడ్చాడు. ఆ తర్వాత రోజూ మా స్కూలు ముందునుంచే ఆ పంజరంలో కూర్చుని వెళ్ళేవాడు. చెయ్యి ఊపేవాడు. నేనూ ఊపేవాణ్ణి." అతని గొంతు ఎక్కడా పెరగలేదు. "మీరే చూశారుగా ఆ డోరు. ఎంత చిన్న దెబ్బ! మా స్టూడెంట్లు రోజూ అంతకంటే గట్టిగా గుద్దుతారు. అంత చిన్న దెబ్బకి మనిషి పోయాడని కోర్టులో ఎవరైనా నమ్ముతారా? తనవాళ్ళని చంపినవాడికి దేవుడు వేసిన శిక్ష అంటారు."

"నాన్న నడపలేదు మామయ్యా."

ఇద్దరూ తల తిప్పారు. గుమ్మంలో ఆ పిల్ల నిలబడి ఉంది. వద్దంటే వస్తుందని తెలిసి కూడా గేటు వెయ్యనందుకు సిస్టరమ్మ తనని తాను తిట్టుకుంది.

"ఏంటి పాపా?"

"ఆ రోజు నడిపింది నేను. నువ్వు నేర్పించావుగా, అమ్మకి చూపిస్తానని నేనే తీసుకున్నాను. నాన్న వెనక సీట్లో ఉన్నాడు." మెడ దగ్గర చున్నీ పక్కకి లాగింది. కుడి భుజం ఎముక మీద విరిగి అతుక్కున్న గట్టి ముడి ఉంది. సిస్టరమ్మకి ఇంక ఎవరూ చెప్పక్కర్లేదు. వెనక సీట్లో ఎవరూ బెల్టు పెట్టుకోరు; కుడి భుజం మీదుగా బెల్టు దిగేది స్టీరింగ్ ముందున్న మనిషికే.

మేనమామ ఆ భుజాన్ని చూసి, పాఠం తప్పిన స్టూడెంటుని అడిగినట్టు అడిగాడు.

"ఎక్కడ?"

"వంతెన దిగేచోట."

"ఏమొచ్చింది అడ్డం?"

"కుక్క."

"స్టీరింగ్ తిప్పేశావా?"

ఆ పిల్ల తలూపింది.

"తిప్పకూడదని చెప్పాను కదా పాపా. ఏది అడ్డమొచ్చినా బ్రేకు మీదే ఉండాలి, స్టీరింగ్ తిప్పకూడదు అని ఎన్నిసార్లు చెప్పాను నీకు?"

"చాలాసార్లు చెప్పావు మామయ్యా."

"మరి బావ ఎందుకు చెప్పలేదు నాకు?"

"నేను చెప్తానన్నాను. వద్దన్నాడు. 'నన్ను మీ మామయ్య ఎంత అసహ్యించుకున్నా పర్లేదు, భరిస్తాను. నిన్ను అసహ్యించుకుంటే నీకు అమ్మా ఉండదు, మామయ్యా ఉండడు' అన్నాడు. ఒట్టు వేయించుకున్నాడు." ఆ పిల్ల ఏడుస్తోంది. "నువ్వు నాన్న గురించి అలా మాట్లాడుతుంటే నావల్ల కాలేదు."

మేనమామ స్టూలు మీద నుంచి లేచాడు. "అయితే బావని నేను ఊరికే..." అని ఆగిపోయాడు.

"ఊరికే ఏంటి మామయ్యా?"

అతను మొహం తిప్పుకున్నాడు. ఆ పిల్ల సిస్టరమ్మ వైపు తిరిగింది. కాదని ఒక్కమాట అనమని ఆ కళ్ళు బతిమాలుకున్నాయి. సిస్టరమ్మ తల వంచుకుంది. ఆ వంచిన తలే ఆ పిల్లకి అంతా చెప్పేసింది. గోడ పట్టుకుంది. అరవలేదు, పడిపోలేదు. ఒంట్లోంచి రక్తమంతా ఎవరో తోడేసినట్టు తెల్లబడింది.

"రా పాపా," అన్నాడు మేనమామ. చిన్నపిల్లల చెయ్యి పట్టుకున్నట్టు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "కారు తియ్యి. ఎక్కడ తప్పు చేశావో చూపిస్తాను."

"ఆగండి! ఆ పిల్లని వదలండి!" సిస్టరమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది. అతను ఆమెని తోయలేదు, భుజం పట్టుకుని మర్యాదగా పక్కకి జరిపాడు. పల్చటి మనిషిలో అంత బలం ఎక్కడిదో అర్థం కాలేదు. ఆ పిల్ల పెనుగులాడుతుందని చూసింది. పెనుగులాడలేదు. నిద్రలో నడుస్తున్నట్టు అతని వెంట నడిచింది.

సిస్టరమ్మ ఫోన్ తీసి నంబరు నొక్కుతూ వెనకే పరిగెత్తింది. "ఇన్‌స్పెక్టర్! డ్రైవింగ్ స్కూలుకి రండి! వెంటనే! తర్వాత తిడుదురుగాని, ముందు రండి!"

అతను ఆ పిల్లని స్టీరింగ్ ముందు కూర్చోబెట్టాడు. బెల్టు లాగి, మెలికలు లేకుండా సరిచేసి, టక్కుమని పెట్టి, ఒకసారి గుంజి చూశాడు. తర్వాత అటువైపు తిరిగి వచ్చి ఎడమ సీట్లో కూర్చున్నాడు. నేర్పడం కోసమని ఆ వైపు కూడా పెడల్స్ బిగించి ఉన్నాయి. సిస్టరమ్మ వెనక డోరు లాగి ఎక్కబోయింది. ఎక్కడానికి సీటు లేదు. ముందు సీట్ల వెనక గొట్టాలు అడ్డదిడ్డంగా నేలదాకా దిగి ఉన్నాయి, పిల్లి కూడా దూరే చోటు లేదు. ఆ పంజరం ఇద్దరి కోసమే కట్టింది.

చూస్తుండగానే ముందు డోర్లు రెండూ లాక్ అయ్యాయి, ఇంజను స్టార్టయింది. సిస్టరమ్మ డ్రైవరువైపు కిటికీ మీద రెండు చేతులా బాదింది.

"పాపా, దిగు! ఇంజను ఆపి దిగు!"

ఆ పిల్ల ఆమెని చూసింది. చూసి, మళ్ళీ ముందుకి తిరిగింది. సిస్టరమ్మ చూపు ఆమెని దాటి అవతలి సీటు మీద పడింది. బెల్టు లేకుండా ఏ స్టూడెంటునీ బండి కదపనివ్వని మనిషి, తన బెల్టు ముట్టుకోలేదు. అది కొక్కేనికి అలాగే వేలాడుతోంది. అతని తల పక్కనే నల్లగుడ్డ కప్పుకున్న ఇనుముంది. ఆ సీటు పక్కన చుట్టింది గట్టిదో మెత్తదో సిస్టరమ్మ చూడలేదు. పొద్దున్న ఆమె నొక్కి చూసింది డ్రైవరు వైపు మాత్రమే.

"క్లచ్ మెల్లగా వదులు," అన్న మాట అద్దంలోంచి లీలగా వినిపించింది.

నాలుగేళ్ళుగా స్టీరింగ్ ముట్టని పిల్ల, కారుని ఒక్క కుదుపు కూడా లేకుండా కదిలించింది. సిస్టరమ్మ చెప్పులు అక్కడే వదిలేసి గేటువైపు పరిగెత్తింది. ఆమె చేరేలోపలే కారు రోడ్డెక్కి ఎడమకి తిరిగింది. వాళ్ళమ్మ పోయిన వంతెన ఆ వైపే ఉంది.